పోతనలో ‘హెచ్’, తిమ్మనలో ‘టి’

మేముండే బహ్రెయిన్‌కు పేర్ల చరిత్ర పెద్దదే. సుమేరు పలకల్లో దిల్మున్, గ్రీకులకు టైలోస్, తరవాత అరబ్బులకు అవాల్. ‘రెండు సముద్రాలు’ అని అర్థమున్న బహ్రెయిన్ ఒకప్పుడు తూర్పు అరేబియా తీరమంతటికీ చెల్లిన మాట. రానురాను కుదించుకుపోయి ఈ దీవులకు మిగిలింది. పాత గ్రంథాల్లో ఆ పేరు కనబడితే తీరమా, దీవా అని చూసుకుని చదువుకోవాలి.

తెలుగు ఖతులకూ, అంటే ఫాంట్లకూ, ఇలాంటి కథే ఉంది. డెబియన్ లినక్సులో వాటి మూటకు మొదట ‘టీటీఎఫ్-తెలుగు-ఫాంట్స్’ అని పేరు. టీటీఎఫ్ అన్నది ఫైలు రకం, చదువరికి దాంతో పనేముంది? పైగా తెలుగు ఖతులన్నీ ఆ ఒక్క మూటలోనే ఉన్నాయన్న భ్రమ. తరవాత ‘ఫాంట్స్-తెలు’ అన్నారు. ‘గు’ మింగేశారని నొచ్చుకోనక్కర్లేదు. లిపులకు ఐఎస్ఓ 15924 ఇచ్చిన నాలుగక్షరాల గుర్తు అది. ఖతి చూపేది లిపినే కనుక ఇదే సరైన పేరని నా అభిప్రాయం. దేశికాచారిగారి పోతన2000, వేమన2000 ‘ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా’లో చేరాయి.

అసలు చిక్కు ఇంగ్లీషు వర్ణక్రమంతో. పోతనలో ‘త’కు ‘టి’ పక్కన ‘హెచ్’ పెట్టారు. ఆర్టీఎస్ పద్ధతిలో చదివితే అది ‘పోథన’! తరవాతి కాలంలో సిలికానాంధ్ర ద్వారా స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చిన ఖతుల్లో తిమ్మనకు ‘హెచ్’ లేదు, వట్టి ‘టి’. అదే ‘టి’ ధూర్జటిలో ‘ట’ అయింది. రాయలవారి ఖతిని ‘క్రిష్ణ’ అని వెతికితే దొరకదు, మన నోటి ఉచ్చారణ ప్రకారం ‘క్రుష్ణ’ అని రాశారు మరి. ఎన్టీఆర్ ఖతి కోసం వెతికేవారికి ముందు ఎదురయ్యేది ఎవరో చెప్పాలా?

తప్పు తెలిశాక దిద్దుకోవచ్చు కదా అంటారు. కుదరదు. పత్రాల్లో ఖతి పేరే నమోదై ఉంటుంది. పేరు మారిస్తే పాత సంచికల పుటలు వేరే ఖతిలో తెరుచుకుని చెదిరిపోతాయి. మూటల పేర్లయితే కొంత నయం. పాత పేరుతో ఓ ఖాళీ మూట ఉంచి కొత్తదానికి దారి చూపడం డెబియన్ ఆచారం.

అరబ్బీలో ఖాలిద్ హోస్నీ తన ఖతికి ‘అమీరీ’ అని పెట్టారు. కైరోలోని బూలాఖ్ అమీరీ ముద్రణాలయం అచ్చు అక్షరాలే దానికి మూలం. పేరు వినగానే అక్షరాల వంపు తెలిసినవాడికి తెలుస్తుంది. పెద్దన ఖతి పేరులో గౌరవముంది గానీ, అక్షరం గుండ్రమో కోలో చెప్పే ఆనవాలు లేదు.