రాతి అచ్చు, గిఫ్ బొమ్మ

పత్తర్‌గట్టి పేరులోనే రాయి ఉంది. 1908 సెప్టెంబరులో మూసీ వరద ఊరిని ఊడ్చేసింది. ఆ తర్వాత 1912లో ఏర్పడ్డ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు తీర్చిన బజారు ఇది. మదీనా దగ్గర్నుంచి చార్మినార్ వైపు నడుస్తుంటే రెండు పక్కలా ఒకే తీరు రాతి కమానులు, వాటి కింద అత్తర్లు, ముత్యాలు, పెళ్లి బట్టలు. అక్కడికి దగ్గర్లోనే ఛత్తా బజార్: పెళ్లి కార్డులు, ఉర్దూ పుస్తకాలు, అచ్చు యంత్రాలు, ఒకప్పుడు వరసగా కాతిబులు. కాతిబ్ అంటే చేత్తో పేజీ రాసే మనిషి. ఇంటర్నెట్‌లో బొమ్మల ఫైళ్ల చరిత్ర చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి చోటు తోచలేదు. ఎందుకంటే ఉర్దూ పేజీ వెబ్‌కి రాకముందే బొమ్మ.

కాస్త వెనక్కి వెళ్దాం. తెలుగు అచ్చు సీసం అక్షరాలతో నడిచింది. గుణింతాలు, ఒత్తులు కలిపి కొన్ని వందల దిమ్మలు చేసుకుంటే పని జరిగిపోయేది. ఉర్దూ వాళ్లకి ఇష్టమైన నస్తాలీఖ్ రాత అలా లొంగదు. పదం కుడివైపు పైనుంచి ఎడమవైపు కిందికి జారుతుంది. పక్కన ఎవరున్నారో చూసుకుని ప్రతి అక్షరం ఒళ్లు మార్చుకుంటుంది. సీసంలో పోసిన నస్ఖ్ అక్షరాలు ఉండేవి గానీ పాఠకుల కంటికి అవి ఆనలేదు. అందుకని ఉర్దూ రాతి అచ్చు పట్టింది. 1796లో బవేరియాలో సెనెఫెల్డర్ కనిపెట్టిన పద్ధతి అది: జిడ్డు సిరాతో రాయి మీద గీస్తే, తడి రాయి మిగతా చోట్ల సిరాని పట్టనివ్వదు. దిమ్మలతో పనిలేదు. కాతిబ్ రాసిన పేజీ మొత్తం ఒక్క బొమ్మగా కాగితం మీదికి దిగుతుంది. ఆఫ్‌సెట్ వచ్చాక రాయి పోయి ప్లేటు వచ్చింది, కాతిబ్ మాత్రం ఉన్నాడు.

కాతిబ్‌ని కదిపింది 1981. పాకిస్తాన్‌లో మీర్జా అహ్మద్ జమీల్ దాదాపు 20 వేల పదఖండాలను చేత్తో రాసి మోనోటైప్ కంపెనీ యంత్రానికి ఎక్కించారు. దాని పేరు నూరీ నస్తాలీఖ్. 1994లో ఢిల్లీ నుంచి ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చాక అదే రాత మామూలు కంప్యూటర్లోకి చేరింది. కాతిబులకు మిగిలినవి పెళ్లి కార్డులు, బోర్డులు, పుస్తకాల అట్టలు.

మరుసటి ఏడు, 1995 ఆగస్టు 15న, వీఎస్‌ఎన్‌ఎల్ మన దేశంలో జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది. ఉర్దూ పత్రికల పాఠకులు దుబాయ్, జెద్దా, చికాగోల్లో కూడా ఉన్నారు. ఊరి కబురు వాళ్లకి వెంటనే అందే దారి దొరికింది. కానీ ఇన్‌పేజ్ ఫైలు తెరవాలంటే అవతల కూడా ఇన్‌పేజ్ ఉండాలి. తెలుగు పత్రికలు అప్పట్లో ‘మా ఫాంటు దించుకోండి’ అని అడిగేవి, మనం తిట్టుకుంటూ దించుకునేవాళ్లం. 20 వేల ఆకారాల ఫాంటుని మోడెం మీద దించుకోమనడం కుదిరే పని కాదు. దాంతో ఉర్దూ సైట్లు పాత దారే పట్టాయి. వార్తని ఇన్‌పేజ్‌లో కూర్చి, గిఫ్ బొమ్మగా మార్చి పేజీలో పెట్టాయి. రాతి అచ్చు మళ్లీ వచ్చింది, రాయి లేకుండా.

ఒక చిన్న లెక్క వేద్దాం. అడ్డం 600, నిలువు 800 చుక్కలున్న బొమ్మ అంటే 4,80,000 చుక్కలు. చుక్కకి మూడు బైట్ల చొప్పున పూర్తి రంగులు ఉంచితే 14,40,000 బైట్లు. 56 కె మోడెం పూర్తి వేగంతో నడిచినా (ఎప్పుడు నడిచింది గనక!) మూడు నిమిషాల పైమాటే. కానీ వార్తకి కావలసిన రంగులు రెండే, నలుపు, తెలుపు. చుక్కకి ఒక్క బిట్ చాలు. 60,000 బైట్లకి దిగింది, తొమ్మిది సెకన్లలోపు. ఆ పైన గిఫ్ తన సొంత కుదింపు చేస్తుంది. ముందు వచ్చిన చుక్కల వరసల్ని పట్టికలో రాసుకుని, మళ్లీ అదే వరస వస్తే ‘ఫలానా నంబరు’ అని మాత్రం చెబుతుంది. తెల్ల కాగితం మీద నల్ల సిరా అంటే దానికి పండగే. పైగా ఒక్క చుక్క కూడా పోదు.

జెపెగ్ ఎందుకు వాడలేదంటే, అది వేరే జాతి. దాని గుండెలో ఉన్న లెక్క, డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్, 1974 జనవరిలో ముగ్గురు ప్రకటించింది: బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు. ఈ రావుగారి ఇంటిపేరు కామిశెట్టి, టెక్సస్ ఆర్లింగ్టన్‌లో ప్రొఫెసరుగా పనిచేశారు. ఒక అహ్మద్, ఒక నటరాజన్, ఒక కామిశెట్టివారు కలిసి చేసిన లెక్క మీద ప్రపంచంలోని ఫోటోలన్నీ నడుస్తున్నాయంటే మనం కొంచెం గర్వపడినా తప్పులేదు. నాసిర్ అహ్మద్ ఈ పనికి 1972లో అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ని డబ్బడిగితే ఇవ్వలేదు కూడా. జెపెగ్ బొమ్మని ఎనిమిదికి ఎనిమిది చుక్కల గళ్లుగా కోస్తుంది. ప్రతి గడినీ నెమ్మదైన అలలు, వేగమైన అలల కలయికగా రాసుకుని, కన్ను పెద్దగా పట్టించుకోని వేగమైన అలల్ని వదిలేస్తుంది. మొహానికీ మబ్బుకీ ఇది అద్భుతం. అక్షరం అంచుకి మాత్రం శత్రువు, ఎందుకంటే తెలుపు నుంచి నలుపుకి ఒక్కసారిగా దూకడమంటేనే వేగమైన అల. దాన్ని తీసేస్తే అంచు చుట్టూ బూడిదరంగు దోమలు ముసురుతాయి.

ఉర్దూలో ఆ దోమలు ప్రమాదం. అక్కడ అర్థమంతా నుఖ్తాలో, అంటే చుక్కలో, ఉంటుంది. ‘దుఆ’ అంటే ప్రార్థన. ఒక చుక్క చేరితే ‘దగా’. ‘ఖుదా’లో పైనున్న చుక్క కిందికి దిగితే ‘జుదా’, అంటే వేరైపోయినవాడు. గట్టిగా నొక్కిన జెపెగ్‌లో ఏది చుక్కో ఏది మచ్చో కనుక్కోవాలంటే కాతిబే రావాలి.

గిఫ్‌కీ చిక్కు వచ్చింది. దాని కుదింపు మీద యూనిసిస్ కంపెనీకి పేటెంటు ఉంది. 1994 డిసెంబరులో గిఫ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్ల వాళ్లు డబ్బు కట్టాలన్నారు. ఆ కోపంలోంచి పుట్టిన పీఎన్‌జీ 1996కల్లా ప్రమాణమైంది. గిఫ్ కంటే బాగా కుదిస్తుంది, ఏమీ పోగొట్టదు, ఎవరికీ కట్టక్కర్లేదు. అమెరికాలో ఆ పేటెంటు 2003 జూన్‌లో తీరిపోయింది.

ఇంతకీ ఈ తెలివికి అయిన ఖర్చు వేరే ఉంది. 200 పదాల ఉర్దూ వార్త యూనికోడ్‌లో సుమారు రెండు వేల బైట్లు. బొమ్మ ఎంత కుదించినా అంతకి దిగదు. అది కూడా పెద్ద నష్టం కాదు. ఆ బొమ్మల్లో ఏ పేరూ వెతికితే దొరకదు. ఆ ఏళ్లలో ఎవరు చనిపోయారు, ఏ ముషాయిరా ఎక్కడ జరిగింది, ఏ వీధిలో ఏ గొడవయింది, అన్నీ గిఫ్‌ల్లోకి వెళ్లాయి. సైటు రూపం మార్చినప్పుడు తీసేసిన బొమ్మ కోసం సెర్చ్ ఇంజన్ని అడిగి లాభం లేదు, దాని లెక్కలో అక్కడ అక్షరమే లేదు. తెలుగు పాత ఫాంట్ల పేజీలు గజిబిజిగా కనిపించినా లోపల అక్షరాల సంకేతాలుంటాయి, మార్చుకోవచ్చు. ఉర్దూకి ఆ దారి కూడా లేదు. గూగుల్ నోటో నస్తాలీఖ్ ఫాంటు 2014లో వచ్చేసరికి రెండు దశాబ్దాలు గడిచాయి. హైదరాబాదు ఉర్దూ పత్రికల ఈ-పేపర్లు ఇవాళ్టికీ పేజీల బొమ్మలే.

ఆలోచిస్తే ఫాంటు కూడా ఒక కుదింపే: ఆకారాన్ని ఒకసారి దాచుకుని నంబరుతో పిలవడం. స్కాన్ చేసిన పేజీలకు వాడే జేబిగ్2 ఈ పనే చేస్తుంది. ఒకేలా ఉన్న అక్షరాలు దొరికితే ఒక్కటే దాచి మిగతా చోట్ల అదే అతికిస్తుంది. 2013లో డేవిడ్ క్రీజెల్ అనే జర్మన్ పరిశోధకుడు గమనించిందేమిటంటే, కొన్ని జిరాక్స్ కంపెనీ యంత్రాలు స్కాన్ చేసిన కాగితాల్లో 6 ఉన్నచోట 8 వస్తోంది. మసక కాదు, శుభ్రమైన 8. జెపెగ్ పాడుచేస్తే కనీసం పాడైనట్టు తెలుస్తుంది. ఇది నీటుగా అబద్ధం చెప్పింది. ‘జిరాక్స్ తీయించుకురా’ అనే మాట సాక్ష్యంతో సమానమైన మన దేశంలో ఈ కథ ఎక్కువమందికి తెలియకపోవడం ఆశ్చర్యమే.

ఇప్పుడు వెబ్‌పీ ఉంది, ఏవిఫ్ ఉంది. నష్టం లేని వెబ్‌పీ పీఎన్‌జీ కంటే 26 శాతం చిన్నదని దాన్ని చేసిన గూగుల్ లెక్క. సైటు నడిపేవాళ్లకి ఇది పనికొచ్చే సంగతే. ఫోటో అయితే జెపెగ్, ఏవిఫ్. రాత అయితే పీఎన్‌జీ, నష్టం లేని వెబ్‌పీ. రాతని రాతగానే పెట్టగలిగితే ఇవేవీ అక్కర్లేదు.

పెళ్లి కార్డు ప్రూఫులు ఇప్పుడు వాట్సాప్‌లోనే తిరుగుతాయి. ఫోటోగా పంపితే వాట్సాప్ దాన్ని మళ్లీ జెపెగ్‌గా నొక్కుతుంది. అవతలివాళ్లు స్క్రీన్‌షాట్ తీసి ఇంకొకరికి పంపితే ఇంకోసారి. అలా నాలుగు ఇళ్లు తిరిగాక పెళ్లికొడుకు తండ్రి పేరులో చుక్క ఉందో లేదో చెప్పడం కష్టం. డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది.