పాట చేరింది సరే, పేరో?

గరివిడి అంటే బయటివాళ్ళకి ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ గుర్తొస్తుంది. ఉత్తరాంధ్ర పల్లెల్లో మాత్రం ఇంకో పేరు గుర్తొస్తుంది: బుర్రకథ చెప్పిన గరివిడి లక్ష్మి. ఊరి పేరే ఆవిడకి ఇంటిపేరైపోయింది. 2025లో ఆవిడ పేరుతో తీసిన సినిమా పాటలు యూట్యూబ్‌లోకి వచ్చాక, బెంగళూరులో ఉన్న మనవాళ్ళకి కూడా ఆ పేరు తెలిసింది.

బుర్రకథకి కంపెనీ అక్కర్లేదు. తంబురాతో ఒక కథకుడు, డక్కీలతో ఇద్దరు వంతలు, పిలిచే ఊరు ఉంటే చాలు. విన్నవాళ్ళే పక్కూరికి మోసుకెళ్తారు. ఇప్పుడు మనం గొప్పగా ‘ఇండిపెండెంట్ మ్యూజిక్’ అంటున్నామే, అది అక్కడ ఎప్పట్నుంచో ఉన్నదే!

అయితే ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. పాట ప్రయాణం చేసినంత తేలిగ్గా రాసినవాడి పేరు చెయ్యదు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు (1943-2020) సంగతే చూడండి. షిప్‌యార్డులో ఉద్యోగం చేసిన మనిషి. జననాట్య మండలి సభల్లో నోటినుంచి నోటికి పాకిన ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ ఆయనదే. ఆ పల్లవిని తనని అడక్కుండా వాడుకున్నారని 2009లో ‘మగధీర’ వచ్చినప్పుడు ఆయన అభ్యంతరం చెప్పాల్సొచ్చింది. అంత పేరున్నవాడికే ఇలా అయితే, ఊళ్ళో పాడుకునే మామూలు మనిషి మాటేంటి?

చట్టం లేదా అంటే ఉంది. మన కాపీరైట్ చట్టం (1957) ప్రకారం రిజిస్టర్ చెయ్యకపోయినా రాసినవాడికి హక్కుంటుంది. హక్కులు అమ్ముకున్నా ‘ఇది రాసింది నేనే’ అని చెప్పుకోవచ్చని 57వ సెక్షన్ అంటోంది. కానీ అది నేనే రాశానని రుజువు చేసుకోవడానికి కాగితం, తేదీ కావాలి కదా! అవి లేకపోతే అందరూ కలిసి ‘జానపదం’ అనేసి ఊరుకుంటాం.

మనం వేరేవాళ్ళ కోడ్ ఉచితంగా తెచ్చుకున్నా, పైనున్న రచయిత పేరు, లైసెన్సు లైన్లు చెరపం. చెరిపితే తప్పని మనకి తెలుసు. పాటకీ అంతే మర్యాద చాలు. ఈసారి ఊరెళ్ళి ఎవరైనా పాడుతుంటే ఫోన్లో రికార్డు చేస్తారా, ముందు వాళ్ళని అడగండి. ఆ తర్వాత పాడినవారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ ఊరు, ఏ తేదీ... ఈ నాలుగూ వీడియో కింద తెలుగులో రాయండి. కష్టమైన పనేం కాదు, రెండు నిమిషాలు పడుతుంది. రేపు ఎవరైనా సినిమావాళ్ళు ఆ పాట తీసుకుంటే, వెనక్కొచ్చి అడగడానికి ఒక మనిషంటూ ఉంటాడు.