పెట్లుప్పు నుంచి ‘250’ దాకా

మేకమాంసం ఉడికేకొద్దీ ఎరుపు పోయి మట్టిరంగుకు తిరుగుతుంది. హ్యామ్, బేకన్, సాసేజీలు మాత్రం ఎంత ఉడికినా గులాబీరంగు వదలవు. కిలో మాంసానికి గ్రాములో అయిదో వంతు కూడా మించని సోడియం నైట్రైట్ చేసే పని అది. మాంసం బాగుందని చెప్పడానికి ఒక్కో కాలం ఏం చూసిందో ఈ ఒక్క దినుసు చరిత్రలో తెలుస్తుంది.

మొదట ఉన్నది ఉప్పే. యూరప్‌లో చలికాలానికి ముందు పందిని కోసి, తొడలను ఉప్పులో ఊరబెట్టి నెలల తరబడి దాచుకునేవారు. ఉప్పు తేమను లాగి కుళ్లును ఆపుతుంది కానీ మాంసం రంగును చంపేస్తుంది. దానికి కాస్త పెట్లుప్పు, అంటే తుపాకిమందులో వాడే పొటాషియం నైట్రేట్, తోడైతే ఎరుపు నిలిచేది. 17వ శతాబ్దానికల్లా ఇంగ్లండ్ వంటవాళ్లకు ఇది అలవాటైన చిట్కా. అప్పటికి వాళ్లు చూసుకున్నది కంటికి ఇంపును, నాలుకకు రుచిని మాత్రమే.

అసలు ప్రమాదం కంటికి కనబడనిది. జర్మనీలోని వుర్టెంబర్గ్‌లో సాసేజీలు తిన్నవారు చూపు మసకబారి, కండరాలు చచ్చుబడి చనిపోతుంటే, జస్టినస్ కెర్నర్ అనే వైద్యుడు 1820లో 76 మంది రోగుల వివరాలను ప్రకటించాడు. 1895లో బెల్జియంలోని ఎలజెల్ గ్రామంలో ఒక అంత్యక్రియల విందులో ఉప్పులో ఊరిన పచ్చి హ్యామ్ తిన్న వాద్యకారులు జబ్బుపడ్డారు, ముగ్గురు మరణించారు. ఆ హ్యామ్ నుంచే వాన్ ఎర్మెంగెమ్ అనే శాస్త్రజ్ఞుడు ఈ జబ్బుకు, అంటే బొటులిజానికి, కారణమైన సూక్ష్మజీవిని వేరుచేశాడు. గాలి లేని చోటే పెరిగే జీవి అది. ఉప్పు తగినంత లేకపోతే హ్యామ్ లోతుల్లో దానికి అడ్డేమీ ఉండదు.

అదే దశకంలో శాస్త్రజ్ఞులు పెట్లుప్పు గుట్టు విప్పడం మొదలుపెట్టారు. 1891లో పొలెన్స్కే, నైట్రేట్ మాత్రమే వేసిన ఊరనీటిలో నైట్రైట్‌ను గుర్తించాడు. బాక్టీరియా ఒకదాన్ని మరొకదానిగా మారుస్తోందన్నమాట. 1901లో హాల్డేన్ రంగు సంగతి తేల్చాడు. నైట్రైట్ నుంచి పుట్టే నైట్రిక్ ఆక్సైడ్, మాంసపు ఎరుపులోని ఇనుముకు అంటుకుంటుంది. వేడి తగిలితే అది చెదరని గులాబీరంగవుతుంది. మరి పెట్లుప్పు వేసి, అది మారేదాకా వారాల తరబడి కాచుకోవడం ఎందుకు, నేరుగా నైట్రైటే వేస్తే పోలేదా? అమెరికా 1925లో దానికి అనుమతించింది. నైట్రైట్ మోతాదు మించితే విషం. అందుకే జర్మనీ 1934లో దాన్ని విడిగా వాడనివ్వకుండా, ఉప్పులో 0.5 నుంచి 0.6 శాతం కలిపిన మిశ్రమంగానే వాడాలని చట్టం చేసింది. చెయ్యి జారి ఎక్కువ పడితే ముందు ఉప్పదనమే పట్టిస్తుంది. బొటులిజం సూక్ష్మజీవిని కూడా నైట్రైట్ పెరగనివ్వదని తేలాక, రంగు కోసం వచ్చిన దినుసు ప్రాణరక్షకంగా స్థిరపడింది.

ఆ పేరుకు మచ్చ తెచ్చింది చేప. 1960ల మొదట్లో నార్వేలో హెర్రింగ్ చేపల పొడిని మేతగా తిన్న పశువులు కాలేయం చెడి చచ్చిపోయాయి. చేపలు పాడవకుండా నైట్రైట్ కలిపారు. చేపల్లో సహజంగా ఉండే అమైన్లతో అది కలిసి, పొడి చేసేటప్పటి వేడిలో డైమిథైల్ నైట్రోసమైన్ అయింది. ఎలుకల్లో కాలేయపు కణితులకు ఆ పదార్థం కారణమవుతుందని మగీ, బార్న్స్ అనే శాస్త్రజ్ఞులు 1956లోనే చూపించి ఉన్నారు. తర్వాత పెనం మీద మాడేలా వేయించిన బేకన్‌లోనూ నైట్రోసమైన్లు దొరికాయి.

నైట్రైట్ తీసేస్తే బొటులిజం, ఉంచితే నైట్రోసమైన్. పరిష్కారం మరో దినుసు రూపంలో వచ్చింది. విటమిన్ సి, దాని దగ్గరి చుట్టమైన ఎరిథార్బేట్, నైట్రైట్‌ను త్వరగా నైట్రిక్ ఆక్సైడ్‌గా మార్చి అమైన్ల జోలికి పోనివ్వవు. 1978లో అమెరికా బేకన్‌కు పది లక్షల పాళ్లకు 120 పాళ్ల నైట్రైట్‌తో పాటు 550 పాళ్ల ఆస్కార్బేట్ గానీ ఎరిథార్బేట్ గానీ తప్పనిసరి చేసింది. అయినా అనుమానం తీరలేదు. 2015లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని లెక్కకట్టింది. యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన నిబంధనతో పరిమితులు మళ్లీ తగ్గాయి.

నైట్రైట్ లేకుండా కుదరదా? ఇటలీలోని పార్మా హ్యామ్‌కు 1993 నుంచి ఉప్పు ఒక్కటే. దాని ఎరుపు, ఇనుము స్థానంలో జింకు చేరడం వల్ల నిదానంగా పుడుతుంది. అయితే ఏడాదికి పైగా మాగనివ్వాలి. వారంలో తయారయ్యే సాసేజీకి ఆ ఓపిక ఉండదు. ‘నైట్రైట్ కలపలేదు’ అంటూ అమ్మే కొన్ని సరుకుల్లో సెలెరీ ఆకుకూర రసం ఉంటుంది. అందులోని నైట్రేట్‌ను బాక్టీరియాతో నైట్రైట్‌గా మారుస్తారు. ఎక్కడి నుంచి వచ్చినా అది నైట్రైటే.

మన సూపర్‌మార్కెట్‌లోని సాసేజీ ప్యాకెట్ మీద 250 అని ఉంటే అది సోడియం నైట్రైట్, 300 విటమిన్ సి, 316 ఎరిథార్బేట్. ఈ దినుసు మేలో కీడో తేల్చేవి మోతాదు, దానికి తోడుగా వేసినవి, వండేటప్పటి వేడి. మొదటి రెండూ తయారీదారు చేతిలోనూ చట్టం చేతిలోనూ ఉన్నాయి. ఎంత మాడ్చాలో, వారానికి ఎన్నిసార్లు తినాలో తేల్చుకోవలసింది మాత్రం మనమే.