శిరోఘాతములును క్రీడావిరమణమును

లోకమున కొన్ని కీడులు తెలియక జరుగును. కొన్ని తెలిసియు జరుగును. తెలియక జరుగు కీడు తెలిసిన పిమ్మట చిరకాలము నిలువజాలదు. తెలిసియు జరుగు కీడు మాత్రము, దానివలన లాభము నొందువారున్నంత కాలము, ఇంకను రుజువు కాలేదను మాటను అడ్డుపెట్టుకొని బ్రతుకుచుండును. అమెరికా సంయుక్త రాష్ట్రములవారికి మిక్కిలి ప్రియమైన ఫుట్‌బాల్ ఆటయొక్క చరిత్రము ఈ రెండవ విధమైన కీడునకు తగిన నిదర్శనము. తలకు తగిలిన దెబ్బల ఫలమును గుర్తించి యౌవనముననే ఆ యాటను విడిచిన కొందఱి వృత్తాంతము మన గృహములయందును ఆలోచింపదగినది గావున, దానిని మొదటినుండి చెప్పెదను.

మన దేశమున ఫుట్‌బాల్ అనగా కాలితో బంతిని తన్ను ఆట. అమెరికావారి ఫుట్‌బాల్ వేఱు. అందు బంతి రెండు కొనలయందును మొనదేలి యుండును. దానిని చేతబట్టుకొని పరుగెత్తుదురు, ఒకరికొకరు విసరుకొందురు. పక్షమునకు 11 మంది యుందురు. బంతి గల పక్షమువారు నాలుగు యత్నములలో పది గజములు ముందునకు సాగవలెను. ఎదుటివారు వారిపైబడి నేలగూల్చి యాపవలెను. ముందు వరుసలలో నిలుచు స్థూలకాయులు ప్రతి యత్నమునందును వంగి యొకరినొకరు ఢీకొందురు. పొట్టేళ్ల పందెము చూచినవారు దీనిని సులభముగా ఊహించుకొనగలరు. అట్టి తాకుడులు ఒక్కొక్క ఆటలో పదులకొలదిగా నుండును. అభ్యాస సమయములందు తగులునవి వేఱు.

ఈ ఆట ప్రమాదకరమని తెలియుట నిన్న మొన్నటి మాట గాదు. 1905 వ సంవత్సరమున ఆడుచు మరణించినవారు ఆనాటి పత్రికల లెక్క ప్రకారము సుమారు 18 మంది. నాటి అధ్యక్షుడగు థియొడోర్ రూజ్‌వెల్టు ఆ యేడు అక్టోబరు నెలలో హార్వర్డు, యేలు, ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయముల ప్రతినిధులను శ్వేతభవనమునకు పిలిపించి, ఆటను సంస్కరింపుడని హెచ్చరించెను. మఱుసటి యేట బంతిని ముందునకు విసరుట శాసనసమ్మతము చేయబడెను. అందఱు నొక్కచోట గుమిగూడి త్రొక్కుకొనుట తగ్గవలెనని దాని యుద్దేశము. కాని ఆ సంస్కరణము ఆటస్థలమున పడి చచ్చినవారిని మాత్రమే లెక్కించినది. ఆట ముగిసిన యిరువదేండ్లకు ఇంటియందు మతిచెడి మెల్లమెల్లగ నశించువారిని లెక్కించు తలంపు నాడెవ్వరికిని కలుగలేదు.

ఆ లెక్క మొదట ముష్టియుద్ధమునుండి వచ్చినది. 1928 లో నూజెర్సీ రాష్ట్రమునందలి వైద్యుడు హారిసన్ మార్ట్‌లండు, పెక్కేండ్లు తలపై పిడిగ్రుద్దులు తిన్న మల్లులు త్రాగనివారైనను త్రాగినవారివలె తూలుచు తడబడి మాటలాడుటను గుఱించి వైద్యపత్రికలో వ్రాసెను. 1973 లో ఇంగ్లండున కోర్సెల్లిసు అను వైద్యుడును ఆయన సహచరులును మృతులైన 15 మంది ముష్టియోధుల మెదళ్లను పరీక్షించి, అందలి చెఱుపును విశదముగ వర్ణించిరి. మెదడు కపాలమునందు ద్రవమున తేలియాడు మెత్తని పదార్థము. కుండను బలముగ కుదిపినప్పుడు కుండ పగులకపోయినను లోని పెరుగు చెదరును గదా! మెదడు విషయమును దాదాపు అట్టిదే. నేషనల్ ఫుట్‌బాల్ లీగు 1943 నుండి హెల్మెట్టును నిర్బంధము చేసెను. అది కపాలమును పగులకుండ కొంతవఱకు కాపాడును. లోని మెదడు అదరుటను ఆపజాలదు. ఈ యదరుపాటునే కంకషన్ అందురు. దానికి లోబడక, బయటికి ఏ లక్షణమును కనబడని చిన్న తాకుడులు సైతము ఏండ్లతరబడి కూడి, టావు అను మాంసకృత్తు మెదడున పేరుకొనుటకు కారణమగుచున్నవి. ఈ వ్యాధికి సి.టి.ఇ. యని పేరు. నేటికిని దీనిని నిశ్చయముగ కనుగొనుట మరణానంతరము మెదడును పరీక్షించినప్పుడే సాధ్యమగుచున్నది.

1992 లో ఆల్ టూన్, 1994 లో మెరిల్ హోగ్ అను ప్రసిద్ధ క్రీడాకారులు తలదెబ్బల కారణముననే ఆట మానుకొనిరి. 1994 లోనే లీగువారు ఈ విషయమును పరిశోధించుటకు ఒక వైద్యసంఘమును నియమించిరి. దాని యధ్యక్షుడు మెదడు వ్యాధుల నిపుణుడు కాడు, కీళ్లజబ్బుల వైద్యుడు. ఆ సంఘము 2003 మొదలు వరుసగా వ్యాసములు ప్రకటించి, ఆటగాండ్ర మెదళ్లకు శాశ్వతమైన హాని కలుగుచున్నదనుటకు నిదర్శనము లేదని వాదించెను.

ఇంతలో పిట్స్‌బర్గు నగరమున మైక్ వెబ్‌స్టర్ కథ ముగిసెను. ఆతడు పదునేడు సంవత్సరములు ఆడి, నాలుగు మారులు తన పక్షమునకు జాతీయ విజయము చేకూర్చినవారిలో నొకడు. ఆట విడిచిన పిమ్మట జ్ఞాపకము చెడి, సంపాదించినది పోగొట్టుకొని, ఒక్కొక్కప్పుడు తన బండిలోనే నిద్రించుచు, 2002 సెప్టెంబరున 50 వ యేట మరణించెను. నైజీరియా దేశమున జన్మించి ఆ నగరమున శవపరీక్షకుడుగ నున్న బెన్నెట్ ఒమాలు ఆ మెదడును సూక్ష్మముగ పరిశీలించి, ముష్టియోధులయందు కనబడిన చెఱుపే అందును గలదని 2005 లో ప్రకటించెను. లీగు వైద్యులు ఆ వ్యాసమును ఉపసంహరింపవలసినదని పత్రికను కోరిరి. చిత్రమేమనగా, లీగుయొక్కయు ఆటగాండ్రయొక్కయు ప్రతినిధులుగల పింఛనుమండలి 1999 లోనే వెబ్‌స్టర్ యశక్తత ఆటలో తగిలిన తలదెబ్బలవలన కలిగినదని అంగీకరించి యుండెను. ఒక చేయి పరిహారము నిచ్చుచుండగా రెండవ చేయి హానియే లేదని వ్రాయుచుండెను! 2009 అక్టోబరున ప్రజాప్రతినిధిసభ విచారణ జరిపిన పిమ్మటగాని, ఆ డిసెంబరులోగాని, దీర్ఘకాలిక హాని గలదను మాట లీగువారి నోట వెలువడలేదు. మార్ట్‌లండు వ్యాసమునకును ఈ యొప్పుకోలునకును నడుమ 81 సంవత్సరములు గడచినవి.

పిమ్మట 4,500 మందికి పైగా పూర్వక్రీడాకారులు న్యాయస్థానమును చేరిరి. 2013 లో 76 కోట్ల 50 లక్షల డాలర్లకు రాజీ కుదిరినది. ఆ మొత్తము చాలదేమోయని న్యాయమూర్తి సందేహింపగా, పరిమితి తొలగింపబడి 2015 లో ఆమోదము లభించెను. ఇచ్చటను ఒక ఘోరము దాగియుండెను. పరిహారము నిర్ణయించు పరీక్షలయందు, నల్లజాతివారి బుద్ధిశక్తి సగటున మొదటినుండియు తక్కువయను ఊహతో మార్కులను సవరించు పద్ధతి వాడబడెను. మొదటనే తక్కువయని యెంచినచో, దెబ్బలవలన తగ్గినదని చూపుట కష్టము గదా! క్రీడాకారులలో అధికసంఖ్యాకులు నల్లజాతివారే. 2020 లో వారిలో ఇరువురు వ్యాజ్యెము వేసిన పిమ్మట ఆ పద్ధతి విడువబడి, 2022 లో కొత్త ఏర్పాటు ఆమోదింపబడెను. పుట్టుకనుబట్టి మనుష్యుని బుద్ధిని తూచు త్రాసు శాస్త్రమను పేరు పెట్టుకొనినను అన్యాయము అన్యాయమే. కులభేదముల చేదును చవిచూచిన మనకు దీనిని వేఱుగ వివరింప నక్కఱలేదు.

ఇంక విరమించినవారిని గుఱించి చెప్పవలసియున్నది. 2015 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కో పక్షమునకు చెందిన క్రిస్ బోర్లండు, ఒక్క సంవత్సరము మాత్రమే ఆడి, మంచి పేరు తెచ్చుకొని, 24 వ యేట ఆట మానెను. ఆతనికి వ్యాధి యేదియు లేదు. రోగము వచ్చిన పిమ్మట తెలిసికొనుటకంటె రాకమునుపే తొలగుట మేలని యెంచి, ముందుగా పుచ్చుకొనిన బహుమానధనములో ముప్పాతిక వంతు తిరిగి యిచ్చుటకును ఒప్పుకొనెను. 2017 జూలైలో బోస్టను విశ్వవిద్యాలయపు ఆన్ మెక్కీ మొదలగువారు ఈ లీగున ఆడిన 111 మంది మెదళ్లను పరీక్షింపగా 110 యందు సి.టి.ఇ. కనబడెనని ప్రకటించిరి. అవి వ్యాధిలక్షణములు చూచి కుటుంబములవారు దానము చేసినవి గనుక ఆటగాండ్రందఱికిని ఇదే నిష్పత్తి యని తలపరాదు. ఐనను ఆ సంఖ్య ఉపేక్షింపదగినది కాదు. ఆ ప్రకటనము వెలువడిన రెండు దినములకు, గణితశాస్త్రమున డాక్టరు పట్టమునకై చదువుచున్న బాల్టిమోరు క్రీడాకారుడు జాన్ అర్షెల్ 26 వ యేట విరమించెను.

వీరిని కొందఱు పిఱికివారని నిందింపవచ్చును. గుంపు చప్పట్లు కొట్టుచుండగా దెబ్బకు తల వంచుట ధైర్యమందురు గాని, ఆ చప్పట్లను విని, పిమ్మటి నలువదేండ్ల జీవితమును తలచి, బయటికి నడచుటకు వలయు ధైర్యము అంతకంటె తక్కువది కాదు. ఐనను ఒక్క సంగతి మఱవరాదు. అర్షెల్‌కు ఆటస్థలము వెలుపల గణితము వేచియుండెను. బీదకుటుంబమున బుట్టి, తల్లిదండ్రుల యింటికి అప్పు తీర్చుటకు ఈ యాట దప్ప వేఱు దారి లేనివానికి, విరమింపుమని బోధించుట సులభము. వాడు విరమించుట దుర్లభము. కావున విద్య యనునది కేవలము జీవనాధారము గాదు. చెడ్డ జీవనాధారమును విడుచుటకు మనుష్యున కొసగు స్వాతంత్ర్యము గూడ నదియే.

బాలుర విషయమున కొంత మేలు జరిగినది. ఒక పదుమూడేండ్ల బాలుడు తలకు దెబ్బతగిలియు మరల ఆటకు పంపబడి తీవ్రముగ వికలుడైన పిమ్మట, వాషింగ్టను రాష్ట్రమున 2009 లో ఒక శాసనము పుట్టెను. తల అదిరినదను అనుమానము కలిగిన బాలుని వెంటనే ఆటనుండి తొలగింపవలెననియు, వైద్యుల అనుమతిపత్రము లేనిది మరల దింపరాదనియు దాని సారము. తక్కిన రాష్ట్రములును క్రమముగ అట్టి శాసనములు చేసికొనినవి. ఆ దేశమున కాపురమున్న మన తెలుగు కుటుంబముల బిడ్డలును ఆ పాఠశాలలలోనే చదువుచున్నారు. తలనొప్పియనియు, వెలుతురు సహింపలేననియు, చదివినది నిలుచుటలేదనియు బిడ్డ చెప్పినప్పుడు, దానిని బడి యెగవేయు నెపముగ కొట్టివేయక వినుట తల్లిదండ్రుల మొదటి విధి. మైక్ వెబ్‌స్టర్ ఇంటివారు ఆ లక్షణములను ఏండ్లతరబడి కన్నులార చూచిరి. వారి మాటను వినవలసినవారే వినలేదు.