యాప్ ద్వారా గర్భకాల యోగా – అమెరికా నల్లజాతి గర్భిణుల క్షేమం

గర్భకాల యోగా అనగా గర్భిణి శరీరస్థితికి తగినట్లు మార్చిన ఆసనాలు, శ్వాస అభ్యాసాలు, విశ్రాంతి పద్ధతుల సముదాయం. మొబైల్ ఫోన్‌లోని యాప్ చూపే పాఠాలను అనుసరించి దీనిని ఇంటివద్దనే అభ్యసించవచ్చును. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో గర్భధారణ, ప్రసవాలకు సంబంధించిన కారణాలతో మరణించే ప్రమాదం శ్వేతజాతి స్త్రీలకంటె నల్లజాతి (ఆఫ్రికన్ అమెరికన్) స్త్రీలకు చాలా ఎక్కువ. ఈ కారణంగా వారి శారీరక, మానసిక క్షేమానికి తోడ్పడగల సాధనాలలో ఒకటిగా యాప్ ద్వారా యోగా చర్చకు వస్తున్నది. ఇది వైద్యసేవకు అనుబంధమే గాని ప్రత్యామ్నాయం కాదు.

నేపథ్యం

అమెరికా వ్యాధి నియంత్రణ, నివారణ కేంద్రాల (సీడీసీ) గణాంకాల ప్రకారం ప్రతి లక్ష సజీవ జననాలకు మాతృమరణాలు ఈ విధంగా ఉన్నాయి.

* 2021: నల్లజాతి 69.9, శ్వేతజాతి 26.6, దేశం మొత్తం 32.9
* 2022: నల్లజాతి 49.5, శ్వేతజాతి 19.0, దేశం మొత్తం 22.3
* 2023: నల్లజాతి 50.3, శ్వేతజాతి 14.5, దేశం మొత్తం 18.6

2021లో కోవిడ్ వలన మరణాలు పెరిగాయి. తరువాత దేశం మొత్తం మీద తగ్గినా, రెండు జాతుల మధ్య తేడా కొనసాగింది. 2023లో అది మూడు రెట్లు దాటింది. పోలిక కొరకు చూస్తే, 2018-20 కాలానికి భారత నమూనా నమోదు పద్ధతి ప్రకారం ఈ సంఖ్య తెలంగాణలో 43, ఆంధ్ర ప్రదేశ్‌లో 45. అమెరికా నల్లజాతి స్త్రీలలో 2020లో ఇది 55.3. రెండు దేశాలలో లెక్కించే పద్ధతులు వేరైనందున ఈ అంకెలను కచ్చితమైన పోలికగా భావించరాదు. అయినను సంపన్న దేశంలో సైతం ఒక వర్గం స్త్రీలకు కాన్పు ఎంత ప్రమాదకరంగా ఉన్నదో ఇవి తెలుపుతాయి.

ఈ తేడాకు పేదరికం, చదువు లేకపోవడం మాత్రమే కారణాలు కావు. 2007-2016 కాలపు మరణాలను పరిశీలించి సీడీసీ 2019లో వెలువరించిన నివేదిక ప్రకారం, కళాశాల విద్య పూర్తి చేసిన నల్లజాతి స్త్రీలలో మరణాల రేటు అంతే చదివిన శ్వేతజాతి స్త్రీల రేటుకు ఐదు రెట్లకు పైగా ఉన్నది. హైస్కూలు కూడా పూర్తి చేయని శ్వేతజాతి స్త్రీలకంటె కూడా ఇది ఎక్కువే. జీవితాంతం ఎదురయ్యే వివక్ష, ఒత్తిడి శరీరాన్ని త్వరగా అరగదీస్తాయని ఆర్లీన్ జెరోనిమస్ అనే పరిశోధకురాలు 1992లో ప్రతిపాదించారు. దీర్ఘకాలిక రక్తపోటు, వైద్యసేవలలో తేడాలు, రోగి చెప్పిన మాటను పట్టించుకోకపోవడం ఇతర కారణాలు.

కొన్ని ఉదాహరణలు

* షాలన్ ఇర్వింగ్: సీడీసీలో పనిచేసిన శాస్త్రవేత్త. సామాజిక అసమానతలు ఆరోగ్యంపై చూపే ప్రభావాన్ని అధ్యయనం చేశారు. 2017 జనవరిలో, కాన్పు అయిన మూడు వారాలకు, అధిక రక్తపోటు వలన కలిగిన ఉపద్రవాలతో మరణించారు.
* సెరెనా విలియమ్స్: ప్రసిద్ధ టెన్నిస్ క్రీడాకారిణి. 2017 సెప్టెంబరులో సిజేరియన్ కాన్పు అయిన మరునాడు ఊపిరి ఆడక, తనకు పూర్వం ఉన్న రక్తపు గడ్డల సమస్య గుర్తుకు వచ్చి స్కాన్ చేయమని కోరారు. నొప్పి మందుల వలన తికమకపడుతున్నదని నర్సు మొదట భావించింది. చివరకు స్కాన్ చేయగా ఊపిరితిత్తులలో గడ్డలు కనిపించాయి.
* టోరీ బోవీ: 2016 రియో ఒలింపిక్స్‌లో 4x100 మీటర్ల రిలేలో స్వర్ణపతకం పొందిన జట్టు సభ్యురాలు. ఎనిమిది నెలల గర్భిణిగా 2023లో మరణించారు. గుర్రపువాతం (గర్భిణికి రక్తపోటు పెరిగి మూర్ఛలు వచ్చే స్థితి) సంభావ్య కారణాలలో ఒకటిగా శవపరీక్ష నివేదిక పేర్కొన్నది. అదే జట్టులోని ఆలిసన్ ఫెలిక్స్‌కు కూడా 2018లో గర్భకాల రక్తపోటు వలన 32వ వారంలోనే అత్యవసర శస్త్రచికిత్సతో కాన్పు చేయవలసి వచ్చింది.

వీరిలో ముగ్గురు ప్రపంచస్థాయి క్రీడాకారిణులు. దీనినిబట్టి వ్యాయామం, శరీర దారుఢ్యం ఉన్నంత మాత్రాన ఈ ప్రమాదం తొలగిపోదని గ్రహించవచ్చును.

నల్లజాతి సమాజంలో యోగా

పౌరహక్కుల ఉద్యమ నాయకురాలు రోసా పార్క్స్ తన జీవితపు తరువాతి కాలంలో యోగా అభ్యసించారు. స్టెఫనీ ఇవాన్స్ 2021లో ప్రచురించిన గ్రంథం నల్లజాతి స్త్రీల యోగాభ్యాస చరిత్రను వివరిస్తుంది. అయినను అమెరికాలో ఈ అభ్యాసం అన్ని వర్గాలలో సమానంగా లేదు. 2017 జాతీయ ఆరోగ్య సర్వే ప్రకారం శ్వేతజాతి వయోజనులలో 17.1 శాతం, నల్లజాతివారిలో 9.3 శాతం యోగా చేసినట్లు తెలిపారు. తరగతుల రుసుము, దూరం, పని వేళలు, ఇతర పిల్లల సంరక్షణ, శిక్షకులలో తమవంటివారు అరుదుగా కనిపించడం మొదలైనవి అవరోధాలుగా ఉన్నాయి.

యాప్ వలన ఉపయోగం

అమెరికా వయోజనులలో 90 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ ఉన్నదని ప్యూ పరిశోధనా కేంద్రం 2023 సర్వేలో తేలింది. కనుక తరగతికి వెళ్ళలేని గర్భిణిని కూడా యాప్ ద్వారా చేరుకోవచ్చును. ఇటువంటి యాప్‌లలో సాధారణంగా ఈ సౌకర్యాలు ఉంటాయి.

* ఎన్నో నెల అన్నది నమోదు చేస్తే దానికి తగిన ఆసనాలను ఎంపిక చేయడం
* 10 నిమిషాల నుండి గంట వరకు పాఠం నిడివిని మార్చుకొనే వీలు
* నడుము నొప్పి, నిద్రలేమి వంటి ఇబ్బందులకు వేరు వేరు పాఠాలు
* శ్వాస, విశ్రాంతి కొరకు మాటల రూపంలోని సూచనలు
* ప్రతిరోజు అభ్యాసాన్ని గుర్తుచేసే సందేశాలు

నల్లజాతి శిక్షకులు, నల్లజాతి గర్భిణులు పాఠాలలో కనిపించడం, వారి అనుభవాల ప్రస్తావన ఉండడం అభ్యాసకురాలికి తనవారి మధ్య ఉన్న భావన కలిగిస్తుంది. ఇంటివద్ద ఒంటరిగా చేసే అభ్యాసంలో పొరపాటును సరిదిద్దేవారు లేకపోవడం దీనిలోని ప్రధాన లోపం.

అభ్యాసాలు

గర్భిణులకు తాడాసనం (పాదాలు ఎడంగా ఉంచి, గోడ ఆసరాతో), మార్జాలాసనం, బద్ధకోణాసనం వంటివి తగినవిగా భావిస్తారు. మార్జాలాసనం నడుముకు ఉపశమనం ఇస్తుంది. బద్ధకోణాసనం తొడల, కటి కండరాలను సాగదీస్తుంది. శవాసనాన్ని వెల్లకిలా కాక ఎడమవైపుకు ఒత్తిగిలి చేయడం మంచిది. నెలలు నిండుతున్నకొద్దీ వెల్లకిలా పడుకొన్నప్పుడు గర్భాశయం పెద్ద సిరపై ఒత్తిడి కలిగించి గుండెకు చేరే రక్తాన్ని తగ్గిస్తుంది. ప్రాణాయామంలో భ్రామరి, నెమ్మదైన దీర్ఘశ్వాస చేయవచ్చును. ఊపిరి బిగబట్టే కుంభకం, వేగంగా శ్వాసించే కపాలభాతి, భస్త్రిక చేయరాదు. బోర్లా పడుకొనే ఆసనాలు, పొట్టను మెలిపెట్టే ఆసనాలు, వేడి గదిలో చేసే యోగా కూడా మానవలెను. గర్భకాలంలో కీళ్ళ బంధనాలు వదులవుతాయి గనుక శరీరాన్ని అతిగా సాగదీయరాదు.

పరిశోధనలు

గర్భకాల యోగాపై ముఖ్యమైన అధ్యయనాలలో ఒకటి బెంగుళూరులో జరిగినది. 2005లో ప్రచురితమైన ఈ అధ్యయనంలో 335 మంది గర్భిణులు పాల్గొన్నారు. ఒక వర్గం రోజుకు గంటసేపు యోగా చేయగా, రెండవ వర్గం రోజుకు రెండుసార్లు అరగంట చొప్పున నడిచింది. యోగా చేసినవారిలో నెలలు నిండని కాన్పులు తక్కువగాను, రెండున్నర కిలోలు, అంతకు మించిన బరువుతో పుట్టిన శిశువులు ఎక్కువగాను ఉన్నారు.

మయామీ విశ్వవిద్యాలయంలో టిఫనీ ఫీల్డ్ బృందం కుంగుబాటుతో ఉన్న 84 మంది గర్భిణులపై జరిపిన అధ్యయనం 2012లో వెలువడినది. 12 వారాల యోగా తరువాత కుంగుబాటు తగ్గినట్లు ఇందులో కనుగొన్నారు. న్యూజెర్సీలో 25 మంది నిండు గర్భిణులు 26 ఆసనాలు వేయగా తల్లీబిడ్డల పరిస్థితిని గమనించి 2015లో ఫలితాలు ప్రచురించారు. గర్భస్థ శిశువు గుండె లయ సాధారణంగానే ఉన్నది.

ఈ అధ్యయనాలు చిన్నవి. శిక్షకుని సమక్షంలో లభించిన ఫలితాలు యాప్ విషయంలోను అట్లే ఉంటాయని భావించరాదు. ఒత్తిడి తగ్గడం వేరు, మాతృమరణాలు తగ్గడం వేరు అన్నది కూడా గుర్తుంచుకోవలెను.

జాగ్రత్తలు

ఉపద్రవాలు లేని గర్భిణులు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థాయి వ్యాయామం చేయవచ్చునని అమెరికా ప్రసూతి వైద్యుల కళాశాల 2020లో సూచించింది. అభ్యాసం ప్రారంభించే ముందు వైద్యుల అనుమతి పొందవలెను. ఈ క్రింది లక్షణాలు కనిపిస్తే యోగా వెంటనే ఆపి వైద్యసహాయం కోరవలెను.

* రక్తస్రావం, ఉమ్మనీరు కారడం
* కడుపునొప్పి, క్రమంగా వచ్చే నొప్పులు
* తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం, చేతుల వాపు
* ఆయాసం, ఛాతీనొప్పి, కళ్ళు తిరగడం
* ఒక కాలి పిక్కలో నొప్పి లేదా వాపు
* శిశువు కదలికలు తగ్గడం

తలనొప్పి, వాపు గర్భిణులకు సహజమేనని భావించి విశ్రాంతి పాఠంతో సరిపెట్టుకొనడం ప్రాణాపాయం కావచ్చును. గర్భకాలంలో 20 వారాలు దాటిన తరువాత రక్తపోటు 140/90 లేదా అంతకు మించి ఉన్నచో వెంటనే వైద్యపరీక్ష అవసరం. ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికి తక్కువ మోతాదు ఆస్పిరిన్ వంటి చికిత్సను వైద్యులే నిర్ణయించవలెను. యాప్ ఈ పని చేయజాలదు.

విమర్శలు, పరిమితులు

నల్లజాతి స్త్రీల మరణాలను వారి ఒత్తిడితో ముడిపెట్టి, ప్రశాంతంగా ఉండే బాధ్యతను వారిపైనే మోపడం తగదన్నది ప్రధాన విమర్శ. ఒత్తిడికి మూలమైన వివక్షను, ఆసుపత్రులలోని నిర్లక్ష్యాన్ని ఆసనాలు తొలగించలేవు. 2017-2019 మధ్య జరిగిన గర్భసంబంధ మరణాలలో 80 శాతానికి పైగా నివారించదగినవేనని సీడీసీ 2022లో తెలిపింది. వాటిలో సగానికి పైగా కాన్పు అయిన వారం నుండి ఏడాది లోపు సంభవించాయి. కనుక కాన్పుతోనే ముగిసే పాఠాలు చాలవు. బాలింతకు కూడా హెచ్చరికలు, తోడు అవసరం. పేదల వైద్యబీమా అయిన మెడికెయిడ్‌ను కాన్పు తరువాత 60 రోజులకు బదులు 12 నెలల వరకు కొనసాగించే వీలును 2021 నాటి చట్టం రాష్ట్రాలకు కల్పించింది. ఇది 2022 ఏప్రిల్ నుండి అమలులోనికి వచ్చింది.

ఆసుపత్రులలో తమకు లభించిన ఆదరణను గూర్చి స్త్రీలే అభిప్రాయాలు నమోదు చేసే "ఇర్త్" అనే యాప్‌ను కింబర్లీ సీల్స్ ఆలర్స్ స్థాపించారు. గర్భిణి మనసును కుదుటపరచేది ఒక రకమైన యాప్ కాగా, ఆమె మాటను ఆసుపత్రికి వినిపించేది మరొక రకం.

సమాచార గోప్యత మరొక సమస్య. రుతుచక్ర, గర్భధారణ వివరాలను సేకరించే రెండు యాప్‌లు వాటిని ఇతర సంస్థలకు అందించినందుకు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2021, 2023 సంవత్సరాలలో చర్య తీసుకున్నది. గర్భకాల యోగా యాప్ వాడేవారు కూడా తమ వివరాలు ఎవరికి చేరుతాయో ముందుగా తెలుసుకొనవలెను.

ఇవి కూడా చూడండి

* మాతృ మరణాలు
* యోగాసనాలు
* ప్రాణాయామం
* రోసా పార్క్స్
* సెరెనా విలియమ్స్