కొండకెళ్ళేవాడి మూట: ఓ చిన్న చరిత్ర

"గింత సంచి ఏంది సారూ, ఇల్లు మొత్తం ఎత్తుకొచ్చినవా?"

సలేశ్వరం లోయలోకి దిగుతుంటే ఓ చెంచు పెద్దాయన నన్నడిగిన ప్రశ్న ఇది. చైత్ర పౌర్ణమి జాతర, మిట్టమధ్యాహ్నం. నా వీపు మీద యాభై లీటర్ల రక్‌శాక్. అందులో ఏమున్నాయని అడక్కండి.. సరే, చెప్తాను. తలకి తగిలించుకునే లైటు, దిక్సూచి, రెండు పవర్ బ్యాంకులు, స్లీపింగ్ బ్యాగు, మడతకత్తి, రెయిన్ జాకెట్ (ఏప్రిల్లో, పాలమూరు ఎండలో!). ఇంటర్నెట్లో దొరికిన ఓ లిస్టుని ఎక్సెల్ షీట్లో పెట్టుకుని, ఒక్కోటీ టిక్కు కొట్టి మరీ సర్దాను. నీళ్ళకి కూడా ఆ షీట్లో ఓ గడి ఉంది, టిక్కు కూడా ఉంది. ఎన్ని నీళ్ళు అన్నది మాత్రం లేదు. సంచి బరువెక్కువైందని ఒక్క లీటరు ఉంచుకుని మిగతా సీసాలు కార్లోనే వదిలేశాను.

తర్వాతేం జరిగిందో మీరు ఊహించే ఉంటారు. తిరిగి ఎక్కేటప్పుడు మా టీములో కుర్రాడికి రెండు పిక్కలూ పట్టేశాయి. కళ్ళు తిరుగుతున్నాయంటూ బండ మీద కూలబడ్డాడు. నా దగ్గర దిక్సూచి ఉంది కానీ గుక్కెడు నీళ్ళు లేవు. అచ్చంపేట వైపు నుంచి వచ్చిన ఓ కుటుంబం ఆగి, వాళ్ళ క్యానులోంచి నీళ్ళూ, ఉప్పూ ఉల్లిగడ్డా వేసిన ఇంత అంబలీ పోస్తే వాడు లేచాడు. వాళ్ళ సామానంతా ఆ క్యాను, తువ్వాలులో కట్టిన సద్దిమూట, ఓ చేతికర్ర. అంతే.

ఇంటికొచ్చాక సిగ్గేసి, అసలా లిస్టు ఎక్కడ పుట్టిందా అని వెతికాను. మూలం అమెరికాలోని సియాటెల్లో ఉంది. అక్కడ 1906లో మొదలైన 'ది మౌంటెనీర్స్' అనే క్లబ్బు వాళ్ళు, 1930లలో కొత్తవాళ్ళకి కొండలెక్కడం నేర్పుతూ 'తప్పనిసరి పది వస్తువులు' అని ఓ జాబితా చెప్పుకొచ్చారు. 1974లో వాళ్ళ పాఠ్యపుస్తకం 'ఫ్రీడమ్ ఆఫ్ ది హిల్స్' మూడో కూర్పులో అది అచ్చయింది. మ్యాపు, దిక్సూచి, నల్లద్దాలు, అదనపు బట్టలు, లైటు, ఫస్ట్ ఎయిడ్, మంట రాజేసే సరంజామా, అగ్గిపుల్లలు, కత్తి, అదనపు తిండి. తమాషా ఏంటంటే ఆ పదిలో నీళ్ళు లేవు! మంచుకొండలూ వాగులూ ఉన్న చోట వాళ్ళకి చలే పెద్ద శత్రువు మరి. 2003లో వచ్చిన ఏడో కూర్పులో గానీ నీళ్ళకి సొంతంగా ఓ స్థానం దక్కలేదు.

అంటే ఆ లిస్టు తప్పని కాదు. అది వాళ్ళ కొండలకి రాసుకున్న లిస్టు. మరి మన కొండలకి ఎవరూ రాయలేదా?

రాశారు, దాదాపు అదే కాలంలో. క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమండార్ఫ్ అని వియన్నాలో పుట్టిన మానవశాస్త్రజ్ఞుడు. 1939లో యుద్ధం మొదలైనప్పుడు జర్మన్ పాస్‌పోర్టుతో ఇండియాలో ఉన్నాడు. శత్రుదేశపు మనిషి కాబట్టి బ్రిటిష్ వాళ్ళు ఆయన్ని హైదరాబాద్ సంస్థానం దాటకుండా కట్టడి చేశారు. ఆయన ఆ అవకాశాన్ని వాడుకుని 1940లో మహబూబ్‌నగర్ జిల్లా అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల మధ్య పని చేశాడు. 1943లో 'ది చెంచూస్' పుస్తకం వచ్చింది. అందులో చెంచుల సామాను వివరాలు చూస్తే మన సంచులు మనకే నవ్వు తెప్పిస్తాయి. గడ్డలు తవ్వడానికి కొనకి ఇనుము తొడిగిన కర్ర, గొడ్డలి, కత్తి, విల్లంబులు, వెదురు బుట్టలు, సొరకాయ బుర్రలు, నిప్పుకి చకుముకి. ఇంకో రెండు మూడు కుండలు, కాసిని గుడ్డలు. ఓ కుటుంబం మకాం మారిస్తే ఆస్తంతా భుజాల మీదే వెళ్ళిపోతుంది.

మన భాషలో చెప్పాలంటే, ఎక్కడ రన్ అవుతుందో తెలియని ప్రోగ్రాముకి లైబ్రరీలన్నీ కలిపి ప్యాక్ చేసి పంపుతాం. ఎన్విరాన్‌మెంట్ తెలిస్తే ఆ అవసరం ఉండదు. ఎండాకాలంలో ఏ చెలమ ఎండదో, ఏ చెట్టు కింద ఏ గడ్డ దొరుకుతుందో చెంచుకి తెలుసు. నాకు తెలియదు కాబట్టి నేను మోయాలి.

ఇక్కడ ఓ మాట ఒప్పుకోవాలి. 'ఆహా, అడవిబిడ్డలు, ఏమీ లేకుండా ఎంత హాయి' అని మురిసిపోవడం మనకి తేలిక. ఆ తేలిక మూటలో తెలివి ఎంతుందో లేమి కూడా అంతే ఉంది. ఆకలి రోజులూ ఉన్నాయి.

అడవి బయట కూడా ఈ ఎగువ నేలల వాళ్ళ సామాను చూడండి. మా తాతది దేవరకొండ పక్కన పల్లె. ఆయన భుజం మీద నల్ల గొంగడి ఎప్పుడూ ఉండేది. దక్కనీ గొర్రెల ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించిన గొంగడి. రాత్రి పరుపు, చలికి దుప్పటి, వానకి కొప్పెర, కూర్చుంటే చాప. మందల్ని తోలుకుని నల్లమల దాకా పోయే గొల్లకురుమలకి గుడారమూ, జాకెట్టూ అన్నీ అదే. నా రక్‌శాక్‌లో ఆ పనులకి వేర్వేరు వస్తువులు మోశాను!

ఇక తాడు. చెంచులు కొండచరియలకి పట్టిన తేనె కోసం తాడు మీద కిందికి దిగుతారు. పైన తాడు పట్టుకునేది బావమరిదే అయి ఉండాలని చెప్తారు. అక్క మెడలో తాళి ఉండాలి కాబట్టి వాడు వదలడట! అంటే తాడు ఎంత గట్టిదో ఎంచుకుంటే సరిపోదు, అవతల ఎవరున్నారో కూడా ఎంచుకోవాలి. భువనగిరిలో బండ ఎక్కడం నేర్పేటప్పుడు మొదట చెప్పేదీ ఇదే. ఎక్కేవాడి తాడు ఇంకొకడి చేతిలో ఉంటుంది, వాడి మీద నమ్మకం ఉండాలి. ఆ ఏకశిల మీదే శిక్షణ మొదలుపెట్టిన గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకి అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు.

అయితే పాతదంతా బంగారమనీ అనను. నల్లగొండ జిల్లాలో తాళ్ళెక్కే గీత కార్మికుడికి తరతరాలుగా మోకు, ముస్తాదే ఆధారం. ఎక్కడానికి అవి బాగానే పనికొస్తాయి, కాలు జారితే మాత్రం ఆపలేవు. అలా పడి పోయినవాళ్ళూ, నడుం విరిగి మంచాన పడ్డవాళ్ళూ చాలా ఊళ్ళలో కనిపిస్తారు. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో వాళ్ళకి సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. పర్వతారోహకులు వాడే తరహా తాళ్ళూ, నడుం పట్టీలూ అందులో ఉన్నాయి. కొత్త వస్తువు నిజంగా అవసరమైన చోటుకి ఎంత ఆలస్యంగా చేరిందో చూడండి. మనం మాత్రం వారాంతం సరదాకి అవే కొనేసి అటకెక్కించేస్తాం.

నాకు అర్థమైంది ఇంతే. సంచి సర్దేముందు అడగాల్సింది 'ఏమేం కొనాలి' అని కాదు. 'ఆ కొండలో నాకేం తెలియదు, అక్కడ నాకెవరున్నారు' అని. సలేశ్వరానికైతే ఇప్పుడు నా జాబితా ఇది: మనిషికి నాలుగు లీటర్ల నీళ్ళు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, సద్ది, తలకి తువ్వాలు, పట్టున్న బూట్లు, చేతికర్ర, చిన్న టార్చి, కట్టు కట్టుకోవడానికి గుడ్డ. ఖాళీ సీసాలు వెనక్కి తెచ్చుకోవడానికి ఓ సంచి.

పుల్ల గీసి చెప్పలేనిది ఇంకోటుంది. 1942లో నిజాం ప్రభుత్వం దాదాపు లక్ష ఎకరాలు చెంచుల కోసం ప్రత్యేకించింది. 1983లో ఆ అడవి పులుల ప్రాజెక్టులోకి వెళ్ళింది. 2019లో యురేనియం అన్వేషణ మీద గొడవ జరిగి, ఆ సెప్టెంబరులో శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. పెంటలు ఖాళీ చేసి బయటికి రమ్మనే మాట మాత్రం వాళ్ళకి కొత్త కాదు. పెంట ఖాళీ అయితే ఏ చెలమ ఎండదో తెలిసిన మనిషి కూడా వెళ్ళిపోతాడు. అప్పుడు ఆ లోయలోకి దిగే ప్రతివాడూ నాలాగే ఇల్లు మొత్తం మోసుకు దిగాలి, అయినా చాలదు.

వచ్చే చైత్రానికి మళ్ళీ వెళ్తున్నాం. ఈసారి చిన్న సంచి. ఆ పెద్దాయన కనపడితే చూపించాలి.