తొమ్మిది అంగుళాల పిన్ను

1910 మార్చిలో షికాగో నగర కౌన్సిల్ కొలువుతీరి, ఆడవాళ్ళ టోపీ పిన్ను ఎంత పొడవుండాలో తేల్చింది. తొమ్మిది అంగుళాలు దాటకూడదు. దాటితే అరెస్టు, యాభై డాలర్ల దాకా జరిమానా. అనుకూలంగా 68 ఓట్లు, వ్యతిరేకంగా రెండు. ఆ కౌన్సిలర్లని ఎన్నుకునే ఓటు హక్కు షికాగో ఆడవాళ్ళకి అప్పటికింకా లేదు. అయినా సభకి వచ్చిన ఒకావిడ లేచి, పిన్నుల సంగతి తర్వాత, ముందు మీ వీధులు మేం నడవగలిగేలా చెయ్యండి అన్న అర్థంలో గట్టిగానే మాట్లాడింది. ఓట్ల లెక్క మాత్రం మారలేదు.

ఇంతకీ ఆ పిన్నులు అంత పొడవెందుకు? ఆ కాలపు టోపీలు పళ్ళేలంత ఉండేవి. పూలు, ఈకలు, రిబ్బన్లు. అవి నెత్తిన నిలవాలంటే కొప్పులోంచి ఈ పక్కనుంచి ఆ పక్కకి పొడవాటి ఉక్కు పిన్ను గుచ్చాలి. దాదాపు అడుగు పొడవున్నవీ ఉండేవి. అదే కాలంలో ఆడవాళ్ళు ఒంటరిగా ట్రాముల్లో, గుర్రపు బస్సుల్లో తిరగడం మొదలెట్టారు. ఆఫీసుల్లో టైపు కొట్టడానికి, దుకాణాల్లో అమ్మడానికి, ఊరికే ఊరు చూడ్డానికి. 1903 మేలో లియోటి బ్లేకర్ అనే అమ్మాయి కాన్సస్ నుంచి న్యూయార్కు చూడ్డానికొచ్చి ఫిఫ్త్ అవెన్యూ బస్సెక్కింది. పక్కన పెద్దమనిషిలా కనిపించే ఒకాయన. బస్సు కుదిపినప్పుడల్లా కాస్త కాస్త జరిగి, చివరికి ఆమె నడుం వెనక చెయ్యి వేశాడు. ఆమె టోపీలోంచి పిన్ను లాగి ఆ చేతిలోకి దించింది. ఆయన తర్వాతి స్టాపులో దిగిపోయాడు.

మొదట్లో పత్రికలు ఇలాంటి వార్తల్ని ఉత్సాహంగా వేశాయి. ఏడేళ్ళు తిరిగేసరికి సమస్య పిన్నే అయి కూర్చుంది. పూర్తిగా అబద్ధమూ కాదు, కిక్కిరిసిన ట్రాముల్లో పిన్ను మొన తగిలి పక్కవాళ్ళ చెవులు, చెంపలు గీరుకుపోయేవి. కానీ కౌన్సిల్ కొలిచింది పిన్నుని. నడుం వెనక్కి వచ్చిన చేతిని కొలిచే తీర్మానం ఆ రోజు బల్ల మీదకే రాలేదు. సిడ్నీలోనూ ఇలాంటి నిబంధనే వచ్చింది. 1912లో అక్కడ అరవైమంది ఆడవాళ్ళు జరిమానా కట్టం పొమ్మని జైలుకెళ్ళారు. చివరికి ఆ పిన్నుల్ని పోగొట్టింది చట్టం కాదు, ఫ్యాషను. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత జుట్టు పొట్టిదైంది, టోపీ తలకి అంటుకుపోయింది, పిన్నుతో పని లేకుండా పోయింది.

ఈ కథ మొదటిసారి చదివినప్పుడు నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. మన దగ్గర దాని పేరు పిన్నీసు. 1849లో వాల్టర్ హంట్ అనే అమెరికన్ వేలికి గుచ్చుకోని పిన్నొకటి కనిపెట్టి, పేటెంటు తీసుకుని, దాన్ని నాలుగు వందల డాలర్లకి అమ్మేసుకున్నాడు. గుచ్చుకోకపోవడమే దాని గొప్ప. సిటీ బస్సులో అదే పిన్నుని మూత తీసి వేళ్ళ మధ్య పట్టుకుని నిలబడ్డం మాకు ఇంటరు మొదటి సంవత్సరంలోనే అలవాటైంది. ఎవరూ క్లాసు పెట్టి చెప్పలేదు. మా అమ్మ గాజులకి ఎప్పుడూ రెండు పిన్నీసులు వేలాడుతుండేవి, ఒకటి చీర కుచ్చిళ్ళకి, ఒకటి 'ఉండనీ' అని. ఆ 'ఉండనీ' దేనికో చాలాకాలం అడగలేదు.

పరికరంగా చూస్తే పిన్నీసు గొప్పతనం దాని మొనలో లేదు. కొనక్కర్లేదు, బ్యాగులో వెతుక్కోనక్కర్లేదు, గుర్తుపెట్టుకుని తెచ్చుకోనక్కర్లేదు. ఎప్పుడూ ఒంటిమీదే ఉంటుంది. ఆత్మరక్షణ పేరుతో ఇప్పుడు అమ్ముతున్న వస్తువుల్లో చాలావాటికి ఈ లక్షణమే లేదు.

అలా గుచ్చడం నేరమా అని లా చదివిన స్నేహితురాలిని ఒకసారి అడిగాను. కాదంది. మన మీద జరుగుతున్న దాడిని ఆపడానికి ఎంత అవసరమో అంత బలం వాడొచ్చు. ఐపీసీలో 96 నుంచి 106 దాకా ఉన్న సెక్షన్లు, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా, చెప్పేది ఇదే. ప్రాణభయం, అత్యాచార ప్రయత్నం, అపహరణ, 2013 సవరణ తర్వాత యాసిడ్ దాడి, ఇలాంటి సందర్భాల్లో ఎదుటివాడి ప్రాణం పోయినా అది ఆత్మరక్షణే. బస్సులో తాకినవాడి చేతిని పిన్నుతో పొడవడం అవసరమైనంత బలమే. వాడు దిగిపోయాక వెంటపడి పొడిస్తే కాదు.

దీని వెనక ఒక తమాషా ఉంది. 1837లో మెకాలే బృందం ఈ శిక్షాస్మృతి ముసాయిదా రాస్తూ ఆత్మరక్షణ హక్కుని ఎందుకంత ఉదారంగా ఇస్తున్నారో వివరించింది. ఈ దేశపు జనం దౌర్జన్యాన్ని మరీ ఓపిగ్గా భరిస్తున్నారట, కాబట్టి హక్కుకి కళ్ళాలు వెయ్యడం కంటే వాళ్ళలో పౌరుషం రగిలించడం ముఖ్యమట. పౌరుషం అన్న మాటలోనే పురుషుడున్నాడు. గాజులకి పిన్నీసులు తగిలించుకున్నవాళ్ళు ఆ పెద్దమనుషుల ఊహలో ఉన్నారనుకోను. పైగా అదే ప్రభుత్వం 1878 ఆయుధాల చట్టంతో, లైసెన్సు లేకుండా భారతీయులు ఆయుధం పట్టకూడదంది. పౌరుషం ఉండొచ్చు, తుపాకీ ఉండకూడదు.

ఆ చట్టానికి వారసురాలు ఇప్పటికీ ఉంది కాబట్టి, 2014 జనవరిలో కాన్పూరు ఆయుధ కర్మాగారం ఆడవాళ్ళ కోసమని 'నిర్భీక్' రివాల్వరు తెచ్చినప్పుడు దానికీ లైసెన్సు కావాల్సొచ్చింది. బరువు అరకిలో. ధర 1,22,360 రూపాయలు. ఢిల్లీలో నిర్భయ ఘటన జరిగి ఏడాది దాటిందంతే, ఆ పేరుకి దగ్గరగా ఈ పేరు పెట్టారు. ఆ ఘటనలో చనిపోయిన అమ్మాయి సినిమా చూసొస్తూ బస్సెక్కింది. అలాంటి అమ్మాయిలు ఎంతమంది లక్షా ఇరవైవేలు పెట్టి కొని, లైసెన్సుకి దరఖాస్తు పెట్టుకుని, దాన్ని బ్యాగులో వేసుకుని సినిమాకెళ్తారు?

దానికంటే పెప్పర్ స్ప్రే నయం. లైసెన్సు అక్కర్లేదు, కొన్ని వందల్లో వస్తుంది, అందులో ఉండేది మనకి బాగా తెలిసిన మిరపఘాటే. అయితే మన దేశంలో పెప్పర్ స్ప్రే పేరు ఇంటింటికీ తెలిసింది ఏ అమ్మాయి వల్లా కాదు. 2014 ఫిబ్రవరి 13న లోక్‌సభలో తెలంగాణ బిల్లు పెడుతుంటే అప్పటి విజయవాడ ఎంపీ లగడపాటి రాజగోపాల్ దాన్ని సభలో కొట్టారు. ఆత్మరక్షణ కోసమే వాడానన్నారు. సభ్యులు దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ బయటికి పరిగెత్తారు, కొందరిని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. రాజకీయం పక్కన పెట్టండి. ఆ దృశ్యంలో వాడకందారు నేర్చుకోవాల్సినది ఒకటుంది. మూసిన గదిలో స్ప్రే శత్రువునీ మిత్రుణ్ణీ వేరుచెయ్యదు. అంత పెద్ద సభలోనే అలా అయితే, అద్దాలు ఎత్తిన క్యాబులో కొట్టినావిడకీ కళ్ళు మండుతాయి.

మిరప మన చేతికి డబ్బాలో రాకముందే వచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటపు జ్ఞాపకాల్లో కారంపొడి, రోకళ్ళు పదే పదే కనిపిస్తాయి. నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి మొదలై 1992లో రాష్ట్రమంతా పాకిన సారా వ్యతిరేక ఉద్యమంలోనూ ఆడవాళ్ళు కారం, చీపుర్లు పట్టుకునే సారా దుకాణాల మీదకి వెళ్ళారు. ఒక్కతే గుప్పెడు కారంతో వెళ్ళి ఉంటే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు. వాళ్ళు ఊరంతా కలిసి వెళ్ళారు. ఇప్పటి ప్రకటనల్లో ఎప్పుడూ ఒక్క అమ్మాయే ఉంటుంది, చీకటి వీధిలో, చేతిలో డబ్బాతో.

కలిసి వెళ్ళడం అనేదాన్ని శిక్షణగా మార్చినవాళ్ళు లండన్లో ఉన్నారు. ఈడిత్ గారుడ్ ఎత్తు అయిదడుగుల లోపే. భర్త విలియంతో కలిసి జపనీయుల జుజుత్సు నేర్చుకుంది. ఆ విద్యని 1890ల చివర్లో లండన్‌కి తెచ్చిన బార్టన్ రైట్ దానికి చేతికర్ర యుద్ధమూ, బాక్సింగూ కలిపి 'బార్టిట్సు' అని పేరు పెట్టాడు. షెర్లాక్ హోమ్స్ జలపాతం దగ్గర ప్రాణం దక్కించుకున్నది దీనితోనే, పేరు కాస్త తప్పు పడింది కానీ. గారుడ్ ఆ పెద్దమనుషుల విద్యని ఓటుహక్కు కోసం పోరాడుతున్న ఆడవాళ్ళకి నేర్పడం మొదలెట్టింది. 1910 జులైలో పంచ్ పత్రిక ఆమె మీద కార్టూన్ వేసింది. టోపీ పెట్టుకున్న ఒక చిన్నావిడ, చుట్టూ బెదిరి నిలబడ్డ పోలీసులు, కమ్మీల మీద వేలాడుతున్న ఇంకొందరు.

అదే ఏడాది నవంబరు 18న నవ్వులాటలు అయిపోయాయి. పార్లమెంటు ముందుకెళ్ళిన ఆడవాళ్ళని పోలీసులు గంటల తరబడి కొట్టారు, ఒంటిమీద చేతులేశారు. ఆ రోజు ముందు వరసలో మహారాజా దులీప్ సింగ్ కూతురు సోఫియా కూడా ఉంది. 1913లో 'పిల్లీ ఎలుకా చట్టం' వచ్చింది. జైల్లో నిరాహారదీక్ష చేసి నీరసించినవాళ్ళని వదలడం, కోలుకోగానే మళ్ళీ పట్టుకోవడం. నాయకురాలు ఎమ్మెలిన్ పాంఖర్స్ట్‌ని మళ్ళీ పట్టుకోకుండా అడ్డుకోవడానికి ఓ పాతికా ముప్ఫైమంది ఆడవాళ్ళు అంగరక్షక దళంగా ఏర్పడ్డారు. శిక్షణ గారుడ్‌ది. గౌన్ల మడతల్లో వాళ్ళు దాచుకున్న ఆయుధాన్ని ఇంగ్లీషువాళ్ళు 'ఇండియన్ క్లబ్' అనేవారు. మన వ్యాయామశాలల్లో పహిల్వాన్లు భుజాల చుట్టూ తిప్పే ముద్గరం అది. ఇక్కడి సైన్యంలోని తెల్లదొరలు చూసి ముచ్చటపడి తీసుకెళ్తే, అక్కడ బడిపిల్లల దాకా కసరత్తు సామాను అయింది.

1914 మార్చి 9న గ్లాస్గోలో పాంఖర్స్ట్ సభ. వేదిక చుట్టూ పూలదండలు, వాటి కింద ముళ్ళతీగ. పోలీసులు వేదికెక్కబోతే చేతులు చీరుకుపోయాయి. ముద్గరాలకి లాఠీలు ఎదురయ్యాయి. పాంఖర్స్ట్ అరెస్టు మాత్రం ఆగలేదు. ఆ రాత్రి దళం ఓడిపోయింది. కానీ ఆ గొడవ చూసిన జనానికి, పత్రికలకి, తన్నులు తినడానికే వచ్చిన ఆడవాళ్ళలా వాళ్ళు ఇక కనిపించలేదు.

జపాను విద్య మన దేశానికీ వచ్చింది. 1929లో టాగోర్ జూడో గురువు తకగాకిని శాంతినికేతన్‌కి పిలిపించి, అబ్బాయిలతో పాటు అమ్మాయిలకీ నేర్పించాడు. అమర్త్యసేన్ తల్లి అమితా సేన్ అక్కడ జూడో నేర్చుకున్నావిడే. ఆ గురువుకి జీతం ఇచ్చుకోలేక రెండేళ్ళకే అది ఆగింది. శిక్షణకి ఎప్పుడూ ఇదే తంటా. డబ్బాకి ఒక్కసారి డబ్బులిస్తే చాలు, గురువుకి నెలనెలా ఇవ్వాలి.

గారుడ్ గురించి ఒకటి మిగిలింది. 1911లో ఒక చిన్న నాటకంలో పోరాట ఘట్టాలు ఆవిడ కూర్చింది. అందులో జుజుత్సు తెలిసిన ఆడమనిషి నేలకి విసిరేది పోలీసునీ కాదు, వీధి రౌడీనీ కాదు. తాగొచ్చి కొట్టబోయిన మొగుణ్ణి. టోపీ పిన్ను నుంచి నిర్భీక్ దాకా మిగతా పరికరాలన్నీ ముక్కూమొహం తెలియనివాణ్ణి ఊహించుకుని తయారైనవే. మన నేర గణాంకాల్లో ఏటా అత్యాచార కేసుల్లో తొంభై శాతానికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్ళు.

పోయినేడు మా చిన్నాన్న కూతురికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. ఫోన్ చేసి, "అక్కా, పెప్పర్ స్ప్రే ఏ కంపెనీది కొనుక్కోను?" అంది. "ఏదైనా ఒకటే. ఎక్స్‌పైరీ చూసుకో. ఒకసారి ఆరుబయట గాలివాలు చూసుకుని కొట్టి చూడు. బ్యాగు అడుగున పడెయ్యకు" అన్నాను. సరేనంది. కాసేపాగి, "మరి మా టీమ్ లీడ్ రోజూ కార్లో దింపుతానంటున్నాడు, వద్దంటే మొహం ముడుచుకుంటున్నాడు. దానికేం కొనుక్కోవాలి?" అని నవ్వింది.

నేను నవ్వలేదు. అప్పటికి ఒక కెనడా అధ్యయనం గురించి చదివి ఉన్నాను. 2015లో వచ్చింది. మూడు విశ్వవిద్యాలయాల్లో మొదటి సంవత్సరం చదువుతున్న 893 మంది అమ్మాయిలు. సగంమందికి మూడేసి గంటల చొప్పున నాలుగు క్లాసులు, మిగతా సగానికి మామూలు కరపత్రాలు. ఏడాది తిరిగేసరికి అత్యాచారానికి గురైనవాళ్ళు శిక్షణ లేని గుంపులో నూటికి 9.8, శిక్షణ పొందినవాళ్ళలో 5.2. ఆ పన్నెండు గంటల్లో గుద్దులూ తన్నులూ ఒక భాగమే. తెలిసినవాడు హద్దు దాటబోతున్నాడని గుర్తుపట్టడం, 'పాపం ఏమనుకుంటాడో' అన్న మొహమాటాన్ని దాటడం, మాటతో గట్టిగా ఆపడం, వీటికి చాలా సమయం ఇచ్చారు.

ఇదంతా చెప్పి, కరాటే బెల్టుల కోసం కాకుండా ఇలాంటివి నేర్పే చోటు ఎక్కడైనా ఉందేమో చూసుకోమన్నాను. హాస్టల్లో ఉండే ఇంకో నలుగుర్ని పోగేసి, ఆదివారాలు ఒకావిడ దగ్గర చేరింది. మొదటి వారం ఏం నేర్పారే అంటే, "అరవడం. ఎదురుగా నిలబడి ఒకళ్ళ మీద ఒకళ్ళం 'వద్దు' అని అరవాలి. నవ్వకూడదు. నలుగురం ఫెయిలయ్యాం" అంది. టీమ్ లీడ్ సంగతేంటని అడిగాను. ఆ శుక్రవారం ఆ 'వద్దు' అరవకుండానే అందట. వాడు మొహం ముడుచుకున్నాడు, ఇది మెట్రోలో వచ్చింది.